పూటకు రెండు మిల్లీలీటర్లు

పెనం మీద ఓళిగ తిప్పుతుండగా భువన చెవిన పడింది ఆ మాట. "మీ సార్‌కు ఫోన్ చేసినాలే. ఈరోజు నువ్వు రావని చెప్పినా. నూనె రంగన్న పోస్తాడంట" అన్నాడు భర్త హనుమేష్, కూరగాయల సంచి దించుతూ. ఏదో పెద్ద సాయం చేసినవాడిలా!

కోయిలకుంట్ల నుంచి ఆడపడుచు వాళ్లు పన్నెండింటికల్లా కల్లూరు చేరుకుంటారు. వాళ్లు తిని లేచేదాకా కోడలు గడప దాటకూడదన్నది ఈ ఇంటి పద్ధతి. అది భువనకు కొత్త కాదు. కానీ తను అడగకుండానే తన సెలవు మంజూరైపోవడం మాత్రం ఒళ్లు మండించింది. రెండు నిమిషాల ఫోన్‌లో ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుని ఆమె ఎనిమిది నెలల పనిని ల్యాబు అటెండరు రంగన్న చేతిలో పెట్టేశారు.

ఇంతకీ ఆ పనేమిటంటే, ఈస్టుకు చక్కెర, వాడేసిన వేరుశనగ నూనె తినిపించి, జిడ్డు వదిలించే పదార్థాన్ని దానిచేత తయారు చేయించడం. బయోసర్ఫాక్టెంట్ అంటారు. మన్నులో కలిసిపోయే సబ్బులాంటిది అనుకోండి. పెళ్లైన కొత్తలో ఇదంతా వివరిస్తే అత్త గిడ్డమ్మ బుగ్గలు నొక్కుకుంది. "బోకులు తోమే సబ్బుకా తల్లీ ఇంత సదువు? ఈడ సింకు నిండా ఉండాయి గదా, తోము!" వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పి హనుమేష్ ఈనాటికీ నవ్విస్తాడు. మొదట్లో భువన కూడా నవ్వేది. పిచ్చిది!

మార్చిలోనూ ఇట్లాగే అత్తకు జ్వరమని ఆమె ఆగిపోతే, రంగన్న "మాటిమాటికీ ఎందుకులే" అని వారానికి సరిపడా నూనె ఒకేసారి కుమ్మరించాడు. పాపం, మంచివాడే. నూనె పైన తెట్టు కట్టింది, కింద ఈస్టుకు ఊపిరాడలేదు, పనంతా మోరీ పాలైంది. అప్పుడే ఆమెకు తెలిసింది, పూటకు రెండు మిల్లీలీటర్లకు మించకూడదని. ఈసారి ఐదో రోజుకే ఫ్లాస్కుల అడుగున తేనెరంగు పదార్థం మునుపెన్నడూ లేనంత పేరుకుంది. ఇంకో రెండు రోజులు నిలబడితే పరిశోధన పేపర్లో మొదటి పేరు ఆమెది. చెడితే మళ్లీ మొదటికే, అదీ సార్ ఇంకో అవకాశం ఇస్తే.

పదింటికి నూనె వేయాలి. టైం తొమ్మిదీ ఇరవై.

భువన స్టవ్ ఆర్పేసింది. చేతికంటిన పూర్ణం కడుక్కుని ఫోన్ తీసింది.

"సార్, రంగన్నను ఫ్లాస్కులు ముట్టుకోవద్దనండి."

"అదేందమ్మా, మీ ఆయన లీవు చెప్పినాడే?"

హనుమేష్ వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. వంటింటి గడపలో గిడ్డమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. భువన వాళ్లకు వీపు తిప్పి నిలబడింది. భయమే. అయినా ఆగలేదు.

"ఆయన మీ ల్యాబులో పని చేయడు సార్. నేను చేస్తాండా. వస్తాండా."