పుక్కిలించిన నాలుకలు

నేను ఒక ఉమ్మి కొలిచే యంత్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. నాకు ఒక కాగితపు పట్టీ తగిలించి, పరుగెత్తే మనిషి నాలుక కొసకు ఆనిస్తే, ఉమ్మి ఎంత చిక్కబడిందో చూసి ఒంట్లో నీళ్లు చాలినన్ని ఉన్నాయో లేవో చెబుతాను. ఉంటే పచ్చ దీపం, తగ్గితే ఎర్ర దీపం. ఇంతకంటే సులువైన పని ఉండదనుకునేదాన్ని, మనుషుల చేతుల్లో పడేదాకా.

నన్ను తయారుచేసిన చల్లటి గదిలో ఉప్పునీటి చుక్కలు వేసి నూరుసార్లు పరీక్షించారు. ఒక్కసారీ తప్పలేదు. తర్వాత ఏదో పరిశోధనకని కొన్నవాళ్లు ఏడాదిపాటు పెట్టె కూడా విప్పలేదు. చివరకు అనంతపురం వైపు ఒక బాలికల క్రీడా హాస్టలుకు ఇచ్చేశారు. అక్కడి కోచ్ మద్దిలేటి సార్ నన్ను కళ్లకద్దుకుని తీసుకున్నాడు. ఆ భక్తే నా కొంప ముంచింది. వచ్చిన వారంలోనే ఆయుధపూజ. నాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పిల్లలందరిచేత మొక్కించాడు.

మర్నాటి నుంచి ప్రతి పిల్లా మైదానం పక్కనున్న సార్ గది వెనక కుళాయి దగ్గరకు వెళ్లి, శుభ్రంగా నోరు పుక్కిలించి నా దగ్గరకు వచ్చేది. నాలుక మీద ఉన్నవి కుళాయి నీళ్లు. నేనేం చెప్పను? పచ్చ. పచ్చ. మళ్లీ పచ్చ. సార్ గది ముందు కూర్చుని మురిసిపోయేవాడు. "మన పిల్లోళ్లకు నీళ్ల కరువే లేదబ్బా!"

వాళ్లలో హంపమ్మ అనే అమ్మాయి ఐదు వేల మీటర్లు పరుగెత్తేది. ఆదివారం జిల్లా జట్టు ఎంపిక. వయసు లెక్కన ఆమెకదే చివరి అవకాశం. పెదవులు పగిలి, కళ్లు లోపలికి పోయి ఉండేవి. అది చూడటానికి యంత్రం అక్కర్లేదు. కానీ సార్ ఆమె ముఖం చూడడు, నా దీపమే చూస్తాడు. అరవడానికి నాకు నోరు లేదు.

గురువారం తొమ్మిదో రౌండులో హంపమ్మ కూలబడింది. నీడకు మోసుకొచ్చారు. సార్ తల పట్టుకున్నాడు.

"ఇప్పుడే గదా పచ్చ చూపిచ్చింది. నీళ్ల తక్కువ కాదు. పాప గుండెలోనే ఏదో ఉంది. ఆదివారం వద్దులే, పేరు కొట్టేస్తా."

"కొట్టేయొద్దు సార్," అంది హంపమ్మ.

ఎందుకో సార్ మరోసారి పట్టీని ఆమె నాలుకకు ఆనించాడు. కుళాయి దాకా నడిచే ఓపిక ఆమెకు లేదు. నేను ఎర్రగా వెలిగాను. ఆ ఊళ్లో నేను చెప్పిన మొదటి నిజం అది. దానికి బహుమానంగా నా వీపు మీద రెండు చరిచి, "ఇదీ చెడిపోయినట్టుంది," అన్నాడు. పక్కనే తడిగుడ్డతో విసురుతున్న ఆమె స్నేహితురాలిని పిలిచాడు. "రామాంజినమ్మా, నువ్వు రా, చూద్దాం."

ఆమె లేచి గది వెనక్కి నడిచింది.

"యాడికి పోతాండావు?"

"నోరు పుక్కిలిచ్చుకోని వస్తా సార్."

"ఎందుకు?"

"ఎంగిలి నోరు గదా! బొట్టు పెట్టి మీరే మొక్కిచ్చినారు. మొక్కినదానికి ఎంగిలి తాకిస్తే పాపం కాదా?"

"అందరూ ఇట్లే చేస్తాండారా?"

"మాకందరికీ ఆమాత్రం బుద్ధి ఉంది సార్."

సార్ కొత్త పట్టీ తీసి, అందరి ముందూ పుక్కిలించకుండానే తన నాలుకకు ఆనించుకున్నాడు. ఎర్ర దీపం. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"సరే, నీళ్లు తాగేదానికి నాకు మతి లేదు. నువ్వెందుకు తాగలేదు పాపా?"

హంపమ్మ తల తిప్పుకుంది. రామాంజినమ్మే చెప్పింది. "తాగితే ఒంటికి పోయేదానికి ఈడ చోటేది సార్? హాస్టలుకు పోయొచ్చేలోపల రెండు రౌండ్లు అయిపోతాయి."

ఆయన తన గది బాత్రూం తాళంచెవి తీసి రామాంజినమ్మ చేతిలో పెట్టాడు. హంపమ్మకు గుక్క గుక్కగా నీళ్లు పట్టించారు. సాయంత్రం నర్సు వచ్చి చూసి గుండె నిక్షేపంగా ఉందన్నది. పేరు కొట్టేయలేదు. ఆదివారం హంపమ్మ రెండోదిగా వచ్చింది. జట్టులోకి తీసుకున్నది ఆ ఇద్దరినే.

పట్టీలు అయిపోయి మూడు నెలలైంది. కొత్తవి పంపమని రాసిన ఉత్తరానికి జవాబు లేదు. నేను బీరువాలో ఉన్నాను. ఇప్పుడు సార్ రోజూ మైదానం అంచున నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూసి, "నీళ్లు తాగినావా పాపా?" అని అడుగుతాడు. వాళ్లు నిజమే చెబుతారు.

ఆ ఒక్క మాట మొదటి నుంచీ అడిగి ఉంటే, నేనింత దూరం రావలసిన పనే ఉండేది కాదు.