మా మాట మేమే పూర్తి చేస్తాం

ఎంగిలి బల్లలు తుడిచే గుడ్డతోనే కాంట్రాక్టరు చినక్క మూతి తుడిచాడు. చందాలిచ్చే పెద్దమనుషులు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. ఒకావిడ "అయ్యో, ఎంత ఓపికో!" అని కూడా అంది. ఆ గుడ్డ కంపు పక్కన కూర్చున్న నాదాకా కొట్టింది. చినక్క తల తిప్పుకోలేకపోయింది. ఆమె మెడ ఆమె చెప్పినట్టు వినదు.

సర్కారు వాడికి కాంట్రాక్టుకిచ్చిన షెడ్డులో ప్లాస్టిక్ స్పూన్లు పొట్లాలు కట్టేది మేమే. అక్కడే తింటాం, అక్కడే పడుకుంటాం. నోటితో మాట రానివాళ్ళం. కొందరికి పుట్టుకతోనే రాలేదు, కొందరికి జబ్బుచేసి పోయింది. ఒళ్ళో అక్షరాల అట్ట పెట్టుకుని, వేలితోనో కణుపుతోనో ఒక్కో అక్షరం చూపించి మాట్లాడతాం. వచ్చినవాళ్ళందరి ముందూ కాంట్రాక్టరు తనను మా పెద్దనాన్న అని చెప్పుకుంటాడు. థూ!

ఆ రోజు చినక్క అట్టమీద చెయ్యి పెట్టింది. రెండో అక్షరం చూపేలోపే వాడు అరచేత్తో అట్ట మూసేశాడు.

"ఏమంటోందండీ?" అని అడిగిందావిడ.

"పెద్దనాన్నంటే ప్రాణం అంటోందమ్మా!" అని పళ్ళికిలించాడు.

వాళ్ళ కారు గేటు దాటగానే ఆ అట్ట బీరువాలో పెట్టి తాళం వేశాడు. మనిషి గొంతు పిసికితే నేరమట. అట్ట లాక్కుంటే క్రమశిక్షణట!

మధ్యాహ్నం స్పూన్ల గోడౌన్‌లో సభ పెట్టుకున్నాం. తలుపు దగ్గర వంటామె కాపలా. ఎవరు ఏ అక్షరం చూపిస్తే అది పైకి చదివేదీ ఆమే. మా సభకు ఒకటే చట్టం: ఎదుటివాళ్ళ మాట ఊహించి పూర్తి చేయకూడదు, ఆగాలి. అందుకే మా పోట్లాట కూడా నత్తనడకే.

మర్నాడు సర్కారు ఆఫీసరు వస్తున్నాడు. షెడ్డు మళ్ళీ వీడికే ఇవ్వాలా వద్దా తేల్చాలి. ఇస్తే చినక్కకు ఇక అట్ట లేదు, వాడి చేతి కింద బతకాల్సిందే. ఆఫీసరు ముందు మాలో ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం ఉంది. మూడు నిమిషాల్లో మాకు ఒక్క మాట తెమిలితే గొప్ప.

"వాడి మీద చెబితే తిండి ఆపేస్తాడు" అన్నాడు గడియారాల మామ. పక్షవాతం రాకముందు గడియారాలు బాగుచేసేవాడు.

"ఆ తిండి నువ్వే తిను!" అంది టైలరమ్మ. అందరం పగలబడి నవ్వాం. మా నవ్వు వినసొంపుగా ఉండదు, ఉండనక్కర్లేదు. ఆమె చెయ్యి మళ్ళీ కదిలింది. "నా మాట అయిన చోట నువ్వు అందుకో. నీ తర్వాత ఇంకొకరు."

మామ అట్టను గుద్దినంత పని చేశాడు. "నా మాట ఇంకొకడు పూర్తి చేస్తే ఊరుకోను. ఇన్నేళ్ళూ అదే జరిగింది."

నా అట్ట చినక్క ముందు పెట్టాను. ఆమె కణుపు ఒక్కో అక్షరం వెతుక్కుంది. ఎవరం తొందరపెట్టలేదు. వంటామె చదివింది: "నేను అడుగుతున్నా మామా. అందుకో."

మామ చినక్క వైపు తిరిగాడు. తల ఊపాడు.

మర్నాడు ఆఫీసరు కుర్చీలో కూలబడుతూనే గడియారం చూసుకున్నాడు. "వీళ్ళ అట్టలు నేను చదువుతా సార్" అని కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. మేం చేతికందిన బల్లల్ని దడదడా బాదాం. వంటామె కొంగు బిగించి మధ్యకొచ్చింది. "నీ ఉద్యోగం గుర్తుంచుకో" అన్నాడు వాడు. "గుర్తుంది" అంది.

టైలరమ్మ మొదలుపెట్టింది. "పెద్దనాన్న."

"టైమైంది. నెక్స్ట్!" అన్నాడు ఆఫీసరు.

నేను అందుకున్నాను. "చినక్కను."

"ప్రాణంగా చూసుకుంటాడు, అంతే కదా!" అన్నాడు కాంట్రాక్టరు. ఆఫీసరు అదే రాసుకోబోతూ కలం తీశాడు.

గడియారాల మామ ఎడమచెయ్యి లేచింది. "బెల్టుతో."

కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. ఆఫీసరు కలానికి మూత పెట్టి, "మిగతాది తర్వాత చూద్దాం" అంటూ లేచాడు. చూడడని మాకు తెలుసు. తలుపుకు అడ్డంగా మా చక్రాల కుర్చీలన్నీ చేర్చి బ్రేకులు బిగించాం.

"దారివ్వండి! పోలీసుల్ని పిలుస్తా!" అని అరిచాడు ఆఫీసరు.

ఒక్క కుర్చీ కదల్లేదు. నా అట్ట చినక్క ఒళ్ళో పెట్టాను. కాంట్రాక్టరు దాన్ని లాగి గోడకేసి కొట్టాడు. టైలరమ్మ తన అట్ట ఇచ్చింది. అదీ లాక్కున్నాడు. మామ తనది చాచాడు. వెనక నుంచి ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. లాక్కోవడానికి వాడికున్నవి రెండు చేతులే.

చినక్క కణుపు అక్షరం మీదకు వెళ్ళింది. జారింది. మళ్ళీ వెళ్ళింది. వంటామె గొంతు జీరపోయినా ఒక్కో అక్షరం చదివింది.

"కొట్టాడు."

ఆఫీసరు నిలబడే తలుపు వైపు చూశాడు. "సరే, విన్నాను. అయిపోయింది కదా?"

చినక్క కణుపు మళ్ళీ కదిలింది. ఈసారి అందరం ఆగాం, అతనూ ఆగక తప్పలేదు.

వంటామె చదివింది. "కూర్చో."

ఆఫీసరు కూర్చున్నాడు.