ఒక్క బండి జాగా

"రుబ్బింది సరే అత్తా, సాయంత్రం ఆ పిండి పెనంలో పోసేదెవరు?" పొద్దుటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో గుల్నాజ్‌కే లెక్క తప్పింది.

మదార్‌బీ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "పోసేవాళ్ళు పోస్తారు. బండి మాత్రం మూసేది లే. నీకు నొప్పులొస్తా ఉంటే కూడా నేను బండి మూయలే. బుష్రా పుట్టిందని కబురు బండికాడికే వచ్చింది. ఈ పొద్దు మీటింగంట, దానికి మూయాలంట!"

"మామూలు మీటింగా అది? మన బండ్లు ఉంటాయో పోతాయో తేల్చే కౌన్సిలు మీటింగు!"

"పొయ్యేదే అయితే, పొయ్యే ముందు ఒక పూట అమ్ముకుంటాం కదా మే."

వాకిట్లో ఆటో తుడుస్తున్న గుల్నాజ్ మొగుడు షఫీవుల్లా తల లోపలికి పెట్టి, "నేను నిలబడతా లే బండికాడ" అన్నాడు.

అత్తా కోడలూ పొద్దుటి నుంచి ఒక్క మాట మీదికి రాలేదు. ఇప్పుడు ఒకేసారి అతనివైపు తిరిగారు.

"వద్దు!"

పోయిన రంజాన్‌లో ఒకరోజు అతను పోసిన గుంత పొంగణాలను పక్క బండి కుప్పయ్య చేతిలో ఎగరేసి పట్టుకుని, "ఇల్లు కడతా ఉండాను షఫీ, పునాదికి ఒక గంప ఇయ్యప్పా" అన్నాడు. ఆ మాట ఆ రోడ్డు మీద ఇంకా నడుస్తూనే ఉంది.

చివరికి బుష్రా తీర్పు చెప్పింది. ఆ పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం. అమ్మతో పాటు కౌన్సిలు చూడాలని కాలేజీకి ఎగనామం పెట్టింది. "పెనం దాదీది. పొట్లాలు కట్టేది అబ్బాది. అమ్మీ, నేను కౌన్సిలుకు. బండి మూయం. అయిపాయె, ఇంక అందరూ గమ్మునుండండి."

"మోకాలు నొప్పని పొద్దున ఏడ్చింది ఎవరంట?" గుల్నాజ్ గొణిగింది.

"పెనం కాడ నొప్పుండదు," అంది మదార్‌బీ గెలిచిన మొహంతో.

గుల్నాజ్ దడకు కారణం ఉంది. వేలూరు బస్సులు ఆగే రోడ్డులో, బస్సు స్టాపు నుంచి పిల్లల ఆసుపత్రి గేటు దాకా సాయంత్రమైతే పదకొండు బండ్లు నిలబడతాయి. బస్సు స్టాపు మూల మదార్‌బీది. మూడు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టిన కాలం నుంచి ఆమె అక్కడే ఉంది. కండక్టర్లు కూడా "మదార్‌బీ స్టాపు, దిగేవాళ్ళు దిగండి" అని కేకేస్తారు. మోకాళ్ళు మొరాయించాక ఆ పెనం గుల్నాజ్ చేతికొచ్చింది. రోడ్డు మీద చెనక్కాయనూనెలో ఆవాలు చిటపటలాడితే ఆసుపత్రికొచ్చిన తల్లులు పిల్లల్నెత్తుకుని ఆ వాసన వెంటే నడిచొస్తారు.

పోయిన ఏడాది వీధి వ్యాపారుల కమిటీకి ఓట్లు పెట్టినప్పుడు ఆ రోడ్డు మొత్తం గుల్నాజ్‌నే నిలబెట్టి గెలిపించింది. కమిటీకి కమిషనర్ పెద్ద. ట్రాఫిక్ ఎస్సై, ఇంజనీరు, ఆసుపత్రి డాక్టరు, బండ్లవాళ్ళ తరఫున కొందరు సభ్యులు. పోయిన నెల మొదటి మీటింగులో రోడ్డు సంగతి వచ్చింది. ఆ బండ్లను ఊరి బయట సంత మైదానానికి మార్చాలని ఒక ఆలోచన ఉందట. గుల్నాజ్ లేచి గట్టిగా మాట్లాడింది. ఎస్సై తలూపాడు, ఇంజనీరు తలూపాడు. కమిషనర్ "బండ్లు అక్కడే ఉండాలని రాసుకోండి" అన్నాడు. డాక్టరు ఆరోజు రాలేదు.

గుల్నాజ్ అక్కడి నుంచి గాల్లో తేలుతూ వచ్చి, బండి బండికీ పోయి చెప్పేసింది. "అయిపాయె! మన జాగాలు మనకే! ఒక్కరు కూడా కదిలే పని లే, నాదీ మాట!" కుప్పయ్య వేయించిన చెనక్కాయలు పంచాడు. గుగ్గిళ్ళు అమ్మే గ్రేసీ ఏడ్చేసి ఆమెను కౌగిలించుకుంది. ఎవరో మల్లెపూల దండ కూడా తెచ్చి మెడలో వేశారు.

మర్నాడు కమిటీలో ఇంకో సభ్యుడు, కొబ్బరిబోండాల వరదయ్య, సైకిలు ఆపి మరీ నవ్వాడు. "ఏం మే గుల్నాజూ, అప్పుడే పెండ్లి భోజనాలు పెట్టేసినావంట? మనం సంబంధం సూసొచ్చినోళ్ళం మే. పిల్ల బాగుండాది, చేసుకోండి అని చెప్పేంతవరకే మన పని. ఖాయం చేసేది కౌన్సిలు. వాళ్ళు వద్దంటే వద్దే."

ఆ సంగతి గుల్నాజ్‌కు అప్పటిదాకా తెలీదు. కమిటీ రాసిందంటే అయిపోయినట్టేనని అనుకుంది తను. అప్పటి నుంచి ఈరోజు దాకా, దండ వేసిన వాళ్ళ మొహాలు చూడలేక చూస్తూ పెనం తిప్పుతోంది. మాట ఇచ్చేసింది. ఆ మాట నిలబెట్టే అధికారం మాత్రం తన చేతిలో లేదు.

కౌన్సిలు హాలు వెనక కుర్చీల్లో వరదయ్య, గుల్నాజ్, బుష్రా, ఇంకో ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. ముందు వరసల్లో కార్పొరేటర్లు, ఎదురుగా ఎత్తుమీద మేయర్ పరంధామయ్య, ఆయన పక్కన కమిషనర్. కాలువల పూడిక మీద ఒక గొడవ, వీధి దీపాల మీద ఇంకో గొడవ. ఒకాయన లేచి తన వార్డులో కోతుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

"అమ్మీ, కోతులకు కూడా కమిటీ వేస్తారేమో," బుష్రా చెవిలో అంది.

"గమ్మునుండు," అంది గానీ గుల్నాజ్‌కు నవ్వాగలేదు. భయంలో వచ్చే నవ్వు అంత తేలిగ్గా ఆగదు.

"తదుపరి అంశం. వీధి వ్యాపారుల కమిటీ సిఫారసు," అని చదివారు.

బుష్రా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ళ వార్డు కార్పొరేటరు నాగులమ్మ లేచి, బండ్లు అక్కడే ఉండాలని కమిటీ చెప్పిందనీ, దాన్ని ఆమోదించాలనీ కోరింది. కార్పొరేటర్లు బల్లలు చరిచారు. గుల్నాజ్ కూడా తొడ మీద చరిచింది.

అప్పుడు పక్క వార్డు కార్పొరేటరు గిరిప్రసాద్ లేచాడు. "బండ్లు ఉండకూడదని నేననను. నేనూ ఆడ పొంగణాలు తినేవాణ్ణే. కానీ ఆంబులెన్సు ఆసుపత్రి గేట్లోకి తిరగల్లేక ఆ మధ్య ఎనక్కీ ముందుకీ ఆడింది. లోపల పసిబిడ్డ ఉండాది. దానికేమంటారు? కమిటీ దీని గురించి ఒక్క ముక్క రాయలేదే?"

అతను చెప్పింది నిజమని గుల్నాజ్‌కు తెలుసు. కమిటీ మీటింగుకు ముందే ఒకరోజు ఆ ఆంబులెన్సు ఇరుక్కున్నప్పుడు పరుగెత్తి గ్రేసీ బండిని వెనక్కి లాగింది తనే. కమిటీలో మాత్రం ఆ సంగతి గుర్తు రాలేదు. గుర్తు చెయ్యాల్సిన డాక్టరు రాలేదు. తనకేమో జాగా నిలబెట్టుకోవాలన్న ఆరాటంలో ఇంకోటి తోచలేదు.

మేయర్ కళ్ళద్దాలు తీశాడు. "అయితే కమిటీకి తిప్పి పంపుదాం. మళ్ళా కూర్చుని రాసి పంపిస్తే వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలనా?" గుల్నాజ్ బుష్రా వైపు తిరిగింది. రోడ్డు వెడల్పు పనివాళ్ళు సోమవారం వస్తున్నారు. అనుమతి లేని బండ్లన్నీ లేపేస్తారని ఊరంతా అనుకుంటోంది. ఒకసారి లేచిన బండి మళ్ళీ అక్కడ నిలబడేది ఉండదు.

నాగులమ్మకూ అదే తట్టినట్టుంది. వెనక్కి తిరిగి చూసి, "అయ్యా మేయర్ గారూ, కమిటీవాళ్ళు ఈడనే ఉండారు. ఇంజనీరు ఉండాడు, మీ పక్కన కమిషనర్ ఉండాడు. నెల దాకా ఎందుకు, ఇప్పుడే అడిగితే పోలా?" అంది.

"అట్ల చేయొచ్చా?" మేయర్ కమిషనర్ వైపు వంగాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడారు. చివరికి మేయర్ మైకు దగ్గరికి లాక్కుని, "కమిటీ తరఫున ఒకరు మాట్లాడండి. క్లుప్తంగా," అన్నాడు.

వరదయ్య గుల్నాజ్ మోచేయి పొడిచాడు. "లెయ్ మే. దండ వేయించుకున్నది నువ్వే కదా."

గుల్నాజ్ లేచింది. మైకు లేదు. మైకు అవసరమూ లేదు. బస్సుల హారన్ల మధ్య అరిచి అరిచి ఆ గొంతు ఎప్పుడో గట్టిపడిపోయింది.

"అన్న చెప్పింది నిజమే సార్. ఆ పొద్దు నేనూ సూసినాను. మేము రాయకపోవడం మా తప్పే. ఇంజనీర్ సార్‌ని ఒకటి అడగొచ్చా? గేటు పక్కన ఎంత జాగా వదిల్తే ఆంబులెన్సు ఒక్క తిప్పులో లోపలికి పోతాది?"

ఇంజనీరు లేచి ఆలోచించాడు. "ఒక్క బండి జాగా వదిలితే చాలమ్మా."

"అయితే వదుల్తాం. పది బండ్లు ఈ పక్క ఉంటాయి. ఒక బండికి రోడ్డుకవతల పార్కు గోడ కాడ జాగా ఇయ్యండి. ఎవరి బండి పోవాలనేది కమిటీలో మేమే తేల్చుకుంటాం. ఏం వరదయ్యన్నా?"

వరదయ్య, మిగతా ఇద్దరూ తలలూపారు. కమిషనర్ కూడా ఊపాడు. మేయర్ గిరిప్రసాద్ వైపు చూశాడు.

"నాకింకేం అభ్యంతరం?" అన్నాడు గిరిప్రసాద్. "పార్కు గోడ కాడ ఒక దీపం కూడా వెయ్యమనండి. చీకట్లో ఏం తింటారు జనం?"

"సవరణతో ఆమోదించడమైనది!"

బల్లలు దద్దరిల్లాయి. బుష్రా ఎక్కడున్నానో మరిచి ఈల వేసింది. అటెండరు ఉరిమి చూశాడు. నాగులమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. వరదయ్య మాత్రం, "ఇప్పుడు పెట్టుకో పెండ్లి భోజనాలు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆటో దొరికేదాకా ఆగలేక తల్లీ కూతుళ్ళు దాదాపు పరుగెత్తారు. కబురు వాళ్ళకన్నా ముందే చేరింది. రోడ్డు పొడవునా గరిటెలతో పెనాలు మోగిస్తున్నారు. బస్సు దిగినవాళ్ళు ఏం జరిగిందో తెలియక నిలబడి చూస్తున్నారు. మదార్‌బీ పెనం ముందు ఎర్రబడ్డ మొహంతో, ఒక చేత్తో పొంగణాలు తిప్పుతూ, ఇంకో చేత్తో కోడలి తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టింది. షఫీవుల్లా పొట్లాలు కట్టలేక చస్తున్నాడు.

"ఈ పొద్దు అమ్మినట్టు ఎప్పుడూ అమ్మలే మే!" అన్నాడు. "పిండి అయిపాయె. ఊరంతా మన కాడికే!"

గ్రేసీ మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, గేటు పక్కన ఉండేది నా బండే. పార్కు గోడ కాడికి పొయ్యేది నేనే కదా?"

గ్రేసీ మొగుడు మంచాన పడి ఏడాదైంది. ఆసుపత్రి నుంచి వచ్చే తల్లులే ఆమెకు బేరం. పార్కు గోడ దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ నడవలేదు. చెట్ల కింద చీకటి, ఇంకేం లేదు.

"నీదే పోవాలని ఎవరన్నారు? అందరూ ఒక్క జాగా బస్సు స్టాపు వైపు జరిగితే గేటు దానంతటదే ఖాళీ అవతాది," అంది గుల్నాజ్.

"జరగాలంటే అటు చివర ఒకరు లెయ్యాల కదక్కా? అటు చివర ఉండేది..." గ్రేసీ మదార్‌బీ మూల వైపు చూసి ఆగిపోయింది. ఆ మూల గురించి నోరు తెరిచి అనగలిగినవాళ్ళు ఆ రోడ్డు మీద లేరు.

పొద్దు గుంకీ గుంకకముందే బండి ఇంటికి తోశారు. దారంతా గుల్నాజ్ ఆ లెక్కే వేసుకుంది. ఒక్కరూ కదిలే పని లేదని తను చెప్పింది. ఇప్పుడు ఒకరు కదలాలి. ఎవర్ని పొమ్మన్నా ఇచ్చిన మాట తప్పినట్టే. పైగా పార్కు గోడ దగ్గర జాగా కావాలని కౌన్సిలులో లేచి అడిగింది కూడా తనే. అలా ఆలోచిస్తూనే ఆ గోడ వైపు చూసింది. గోడ పొడుగ్గా, పరిశుభ్రంగా ఉంది. దీపం వేస్తే నాలుగు బెంచీలు వేసుకోవచ్చు. బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు కూర్చుని తినడానికి ఈ పక్క చోటెక్కడుంది?

ఇంట్లో అన్నాల దగ్గర గోల గోలగా ఉంది. బుష్రా నిలబడి మేయరులా, ఇంజనీరులా, కోతుల కార్పొరేటరులా మాట్లాడి చూపిస్తోంది. షఫీవుల్లా పొలమారేలా నవ్వుతున్నాడు. మదార్‌బీ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, "మా కోడలు లేచి అడిగిందంట! మైకు కూడా లేకుండానంట!" అని పక్కింటి వాళ్ళకు గోడ మీంచి మూడోసారి చెబుతోంది.

"అత్తా, ఇట్లా వచ్చి కూర్చో," అంది గుల్నాజ్.

మదార్‌బీ వచ్చి కూర్చుంది. కోడలి గొంతులో ఏం విన్నదో, నూనె గిన్నె పక్కన పెట్టింది. బుష్రా కూడా నాటకం ఆపింది.

గుల్నాజ్ అత్త కంచంలో పులుసు వడ్డించింది. గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఒక్కరూ కదలక్కర్లేదని నేను మాటిచ్చింది వాళ్ళ పదిమందికి. అందులో మనం లేము అత్తా. రేపటి సాయంత్రం మన బండి పార్కు గోడ కాడ పెడతా ఉండాం."