సంతకం లేని కాగితం

సన్నని ఆవిరి చప్పుడు. పళ్ల సందున ఎవరో గాలి వదులుతున్నట్టు.

అది విన్న రోజు నుంచీ, తొమ్మిదేళ్లుగా, నాకొక సందేహం. పేరు దాచుకుని చేసిన మంచిని దేవుడు మంచనే అనుకుంటాడా?

రోజూ దీపం పెడుతూ అడుగుతాను. దీపం కదులుతుంది... జవాబు రాదు.

మిల్లులో బాయిలర్ దగ్గర నా పని. ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు అప్పుడు బిగుసుకుపోయి, సన్నగా మాత్రమే వదులుతోంది. రెండుసార్లు చెప్పాను. "నోరు మూసుకుని బొగ్గెయ్" అన్నాడు మేనేజరు.

పేలితే ఇరవై మందిమి. భయమేసింది.

పేరు చెప్పాలంటే ఇంకా భయమేసింది.

ఎడమ చేత్తో ఉత్తరం రాసి ఫిర్యాదుల పెట్టెలో వేశాను. సంతకం లేకుండా.

ఒక్క పొరపాటు చేశాను. రీడింగులు రాసుకోవడానికి మా మిల్లులో షిఫ్టుకొక రంగు కాగితాలు. మా తెల్లవి అయిపోయాయి. పక్క షిఫ్టు పసుపు పుస్తకంలోంచి ఒకటి చింపాను.

ఆ పుస్తకం ఆ షిఫ్టు ఫిట్టరన్నది.

మర్నాడు మేనేజరు గేటు దగ్గర కాగితం ఊపాడు. "ఎవడ్రా ఈ అనానిమస్?"

క్యాంటీన్‌లో అదే మాట.

"అనానిమస్ అంటే ఏంటన్నా?"

"మన ఆకాశరామన్నేరా. ప్యాంటు తొడుక్కొచ్చాడు."

అందరికంటే గట్టిగా నవ్వింది ఫిట్టరన్నే. నేనూ నవ్వాను.

పసుపు రంగు చూసి సాయంత్రానికల్లా అతన్ని పంపేశారు. వాల్వు మార్చారు. ఇరవై మందీ బతికే ఉన్నాం.

నేను నోరు విప్పలేదు.

అనానిమస్ — ఎవరో తెలియనివాడని అర్థమట. ఎవరికి తెలియనివాడు? పొద్దున్నే అద్దంలో కనిపిస్తూనే ఉంటాడే...

ఇవాళ అదే ఉత్తరం మళ్లీ రాశాను. కుడి చేత్తో. కింద నా పేరు.

"ఇది బయటికొస్తే మన గతేంటండీ? ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది" అంది మా ఆవిడ.

"ఫిట్టరన్న వాళ్ల గతేమైంది?"

ఆమె నా చొక్కా గుండీ ఒకటి పెట్టింది.

ఫిట్టరన్నది ఇప్పుడు సైకిళ్ల దుకాణం. ట్యూబును నీళ్లలో ముంచి కన్నం వెతుకుతున్నాడు.

"రా తమ్ముడూ! సైకిలేది? గాలి నీకే కొట్టాలా?"

కాగితం చాపాను.

"చేతులకి నూనె. నువ్వే చదువు."

చదివాను. వాల్వు, ఆవిరి, ఇరవై మంది. చివరికొచ్చి ఆగాను.

అతని చేతులు నీళ్లలో ఆగిపోయాయి.

"కింద ఇంకేదో ఉన్నట్టుందే."

"ఉందన్నా."

"మరి చదవవేం?"

బల్ల మీద ఇద్దరు కూర్చుని వింటున్నారు.

తొమ్మిదేళ్ల బాకీ. మూడక్షరాలు.

నా పేరు చదివాను. గట్టిగా.

ఫిట్టరన్న తలెత్తలేదు. కన్నం మీద పెట్టిన అతని బొటనవేలి కింద నుంచి సన్నగా గాలి... ఒక్కో బుడగ... ఒక్కో బుడగ...