నాలుగు వేళ్ల గొడుగు

ఇంట్లో ఉన్న ఫ్రేముకి బొమ్మ నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువైందని, ఆ నాలుగు వేళ్లూ కోయించడానికి మా అత్తగారు దాన్ని పటాల షాపుకి పట్టుకెళ్లారు. పాత ఫ్రేము గట్టిగా ఉండగా కొత్తది కట్టించడం ఆవిడ ఒంటికి పడదు.

అది జపానువాళ్లు చెక్క అచ్చుతో కాగితంమీద వేసిన బొమ్మ. కాలేజీలో డ్రాయింగు మేడం నాకిచ్చిన బహుమతి. పదకొండేళ్లుగా రెండు అట్టల మధ్య బీరువాలో దాచుకున్నాను. స్నానం చేసి వచ్చేసరికి అట్టలే మిగిలాయి. తడిజుట్టుతోనే పరుగెత్తాను.

పటాలాయన బొమ్మమీద స్కేలు ఆనించి, కత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఆగండి," అన్నాను.

"ఏం కొంపలు మునిగాయే?" అన్నారు అత్తగారు. "కుడి అంచున సగం గొడుగు, కింద రెండు కాళ్లు. తలకాయ లేదు. వేసినవాడికి కాగితం చాల్లేదు పాపం. అది తీసేస్తే కొండా మంచూ శుభ్రంగా కనిపిస్తాయి."

"అవునమ్మా, మనిషి అడ్డమొచ్చాడు," అన్నాడు పటాలాయన.

ఇద్దరితో వాదించడం నా వల్ల కాదు. బల్లమీది అట్టముక్కతో గొడుగుని కప్పాను. తీశాను. మళ్లీ కప్పాను. అత్తగారు అట్ట లాక్కుని తనే మొదలుపెట్టారు.

"ఇదేం చోద్యమే, గొడుగు పోతే కొండ ముందుకొచ్చేస్తోంది."

"గొడుగు మన పక్కనే ఉంది కాబట్టి కొండ అంత దూరంగా ఉందత్తయ్యా."

"మరి తల?"

"గొడుగులోకి దూర్చుకున్నాడు. ఆ మంచులో మీరైతే బయటపెడతారా?"

ఆవిడ నవ్వాపుకున్నారు.

పటాలాయన బొమ్మని కిటికీ వైపు వాల్చాడు. అంతవరకూ చదునుగా ఉన్న తెలుపులో సన్నని గీతలు లేచాయి. "ఇక్కడ రంగే లేదే," అన్నాడు.

"లేదు. చెక్కిన పలకమీద తడి కాగితం పరిచి, రంగు పూయకుండా రుద్దారు. ఆ మంచంతా ఉబ్బిన కాగితమే."

"ఎంత ఒడుపుండాలి," అంటూ కత్తి సొరుగులో పెట్టేశాడు. "పెద్దమ్మా, నేను కోయను. మీ ఫ్రేములో మాత్రం పట్టదు."

అత్తగారు బొమ్మని తనూ వాల్చి చూశారు, ఇటూ అటూ.

"పెద్దదే కట్టు నాయనా," అన్నారు చివరికి. "అద్దం మాత్రం మంచుకి తగలనియ్యకు. ఒక్క గీత అణిగినా నీ షాపు గుమ్మంలో కూర్చుంటాను."