డెబ్బై రెండో గంట

ఇంకోసారి లెక్కపెడితే పోయేదేముంది, మైక్రోస్కోపుకి ఆనించి ఆనించి కంటి చుట్టూ వలయం పడింది, పడితే పడనీ, ఇరవై నాలుగో గంటకి నిక్షేపంగా ఉన్న చిగుళ్ళ కణాలు డెబ్బై రెండో గంటకి సగం ముడుచుకుని రాలిపోయాయి, ఇది మూడోసారి, పిల్లల పళ్ళు పుచ్చకుండా పూసే పూత, అందులో కంటికానని వెండి రేణువులు, అవి చంపాల్సింది క్రిముల్ని కదా, చిగుళ్ళనెందుకు చంపుతున్నాయి, నా చెయ్యే బాగాలేదేమో, కిటికీ లేని గది, కార్డు చూపిస్తే గానీ తెరుచుకోని తలుపు, పొద్దున మేనేజరు తల లోపలికి పెట్టి, ఏమ్మా, రూలు ప్రకారం ఇరవై నాలుగు గంటల ఫలితం చాలు, ఆ పైది ఎవరడిగారు, పన్నెండుకల్లా సంతకం పెట్టెయ్ అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, అదే భయం.

ఫోను, అక్క, పళ్ళ డాక్టరు, నాకీ ఉద్యోగం చెప్పి ఇప్పించింది తనే, ఏమే అయిందా, సోమవారం స్కూల్లో నాలుగొందల మంది పిల్లలకి పూయాలి, నీ రిపోర్టు కోసమే చూస్తున్నా, కొంచెం అనుమానంగా ఉందక్కా, నీకు అనుమానం లేనిదెప్పుడే, గ్యాసు కట్టానో లేదోనని బస్సు దిగి వెనక్కొచ్చే రకం, నిజమే, వచ్చాను, కట్టేసే ఉంది, ఎప్పుడూ కట్టేసే ఉండేది, ఆ నాలుగొందల్లో అక్క కూతురూ ఉంది, ముందు పళ్ళూడి నన్ను తిన్నమ్మా అని పిలుస్తుంది, నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, అక్క మాటా పోతుంది, విప్పకపోతే, పన్నెండుకి పది నిమిషాలు.

నాలుగో ప్లేటు తీయబోయి ఆగాను, రెండోసారి కణాల్ని పెంచే ద్రవం మార్చాను, మూడోసారి కణాలే మార్చాను, పూత తగలని కణాలు మూడుసార్లూ హాయిగా బతికాయి, ఇంక దేన్ని మారుస్తాను, డెబ్బై రెండో గంట అంకెలు రిపోర్టులో ఎక్కించి, వాడకూడదు అని రాసి సంతకం పెట్టాను, మేనేజరుకి పంపాను, అక్కకి ఫోన్ చేసి చెప్పాను, నెమ్మదిగా, ఖాయమేనా అంది, ఖాయమే, సరే, ఆపేస్తాలే అని పెట్టేసింది, బయట మేనేజరు చెప్పుల చప్పుడు ఇటే వస్తోంది, రానీ, ఇన్నాళ్ళూ అనుమానమనుకున్నాను, కాదు, మొదటిసారి చూసినప్పుడే నమ్మేశాను, తప్పు నాదైపోతే బావుండునని మాత్రమే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.