అందరూ గొణిగేవాళ్ళే

ఈ లోకంలో మనుషులు నోరు తెరిచి మాట్లాడటం ఎప్పుడు మానేశారో నాకు తెలియదు. బస్సు కండక్టరు గొణుగుతాడు. బ్యాంకులో అద్దం వెనక కూర్చున్న అమ్మాయి గొణుగుతుంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళయితే జీతం తీసుకుని మరీ గొణుగుతారు. "కాస్త గట్టిగా అఘోరించండి" అని నేను ఎవరో ఒకరి మీద విసుక్కోని రోజు లేదు.

నేను బీరువాల షాపులో పని చేస్తాను. రేకు వంచడం, అంచులు కొట్టడం, గ్రైండింగు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఆ చప్పుడులో మాటలు సాగవు కాబట్టి అన్నీ సైగలే. చెయ్యి పైకెత్తితే ఆపమని, రెండు వేళ్ళు చూపిస్తే ఇంకో రేకు తెమ్మని. చెవుల్లో పెట్టుకోమని యజమాని ఇచ్చిన రబ్బరు బిరడాలు కవరు కూడా విప్పకుండా నా సొరుగులోనే ఉన్నాయి. ఇంత చెప్పాక సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం నలభయ్యో ఏడు దగ్గరపడి, మా ఆవిడకి ఏడో నెల వచ్చాక గాని అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కూడా అబద్ధమే. ఒప్పుకోలేదు.

మా ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా తన షిఫ్టు. నాది మధ్యాహ్నం రెండింటికి. ప్రసవం సెలవు అయిపోయాక పొద్దుటిపూట బిడ్డని ఎవరు చూస్తారన్న మాట వచ్చినప్పుడు నేనే ముందుకొచ్చి, "నేనున్నాగా, నీకెందుకు బెంగ?" అన్నాను. రోజూ ఆరు గంటలు, బిడ్డా నేనూ, ఇంకెవరూ ఉండం. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఎక్కడలేని గొప్పగా ఉండేది. పెళ్ళే ఆలస్యంగా అయినవాణ్ణి, తండ్రినవుతానని ఆశ వదిలేసుకున్నవాణ్ణి మరి.

ఆసుపత్రిలో కాబోయే తండ్రులకి ఓ శనివారం తరగతి పెట్టారు. బల్ల మీద అయిదు రబ్బరు బొమ్మలు, వాటి ముందు అయిదుగురు మగాళ్ళు, గోడ వారన కుర్చీల్లో మా పెళ్ళాలు. ఒకాయన బొమ్మని కాలు పట్టుకుని ఎత్తాడు. ఇంకొకాయనకి చెమటలు పడుతున్నాయి. నేను మాత్రం రేకు అంచు మడిచినంత నిఖార్సుగా గుడ్డ మడిచి, బొమ్మకి చుట్టి, మూలలు కలిశాయో లేదో వంగి చూసుకున్నాను. తలెత్తేసరికి గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నా పనితనానికి నోళ్ళు వెళ్ళబెట్టారనుకున్నాను. "చూసి నేర్చుకోండి" అని కూడా అన్నాను.

నర్సమ్మ వచ్చి నా భుజం తట్టింది. "మీ పాప ఏడుస్తోందండీ. ఇందాకట్నుంచీ."

ఆ బొమ్మల కడుపులో ఏదో మిషను ఉందట. మెడ కింద చెయ్యి వెయ్యకపోతే ఏడుస్తుందట. బొమ్మని చెవి దగ్గర పెట్టుకున్నాను. దోమ గీపెట్టినట్టు ఏదో ఉందంటే ఉంది, లేదంటే లేదు. పక్కన చెమటలు పట్టినాయన కూడా పకపకా నవ్వుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మా ఆవిడ లేచి, "చేతిలో పనుంటే మా ఆయన ఇల్లు కూలినా తలెత్తరు లెండి" అని నవ్వి నన్ను బయట పడేసింది. దారంతా నేను ఆ బొమ్మ బ్యాటరీనీ, దాన్ని కొన్నవాళ్ళనీ తిడుతూనే ఉన్నాను.

మరుసటి వారం, ఆదివారం మధ్యాహ్నం. మా ఆవిడ లోపల పడుకుంది, నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. "పాలు! పాలు!" అని కేక వినపడింది. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగిందే చాలని పొయ్యి వెలిగించాను. పాలు కాచి, చక్కెర వేసి, నోరు కాలకూడదు కదా అని రెండు గ్లాసుల్లో తిరగబోసి, నురగతో సహా పట్టుకెళ్ళాను. అదంతా అయ్యేసరికి ఓ పది నిమిషాలు పట్టి ఉంటుంది.

తను మంచం పట్టె పట్టుకుని, పెదవి కొరుక్కుని, కళ్ళమ్మట నీళ్ళు కారుస్తోంది. కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"కాలండీ! కాలు అని మొత్తుకుంటున్నా!"

గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. కాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు పైకి వంచి, పిక్క మెత్తబడేదాకా రాశాను. నొప్పి తగ్గాక తను కిటికీలో ఉన్న గ్లాసు చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది, పొట్ట పట్టుకుని, ఆగలేక.

"కాలంటే పాలు కాచుకొచ్చారా? చక్కెర కూడా వేశారా?"

"నువ్వు సరిగ్గా పలికి ఏడిస్తే కదా!" అని అరిచాను.

తను ఆ పాలు తెమ్మని చెయ్యి చాపి, చివరి చుక్క దాకా తాగింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఆ పది నిమిషాలూ తను అక్కడ ఏడుస్తుంటే నేను ఇక్కడ నురగ తెప్పిస్తూ నిలబడ్డాను. తను పెద్ద మనిషి కాబట్టి సరిపోయింది. రేపు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నేను పక్క గదిలో గుడ్డలు మడతపెట్టుకుంటూ కూర్చుంటానేమో. గొంతులో ఏదైనా అడ్డం పడితే? మంచం మీంచి జారితే? నేనున్నాగా అన్నవాణ్ణి, ఉండీ లేనివాణ్ణవుతాను. ఈ సంగతి తనకి చెబితే ఆరు గంటలు కాదు, ఆరు నిమిషాలు కూడా బిడ్డని నాకు వదలదని భయం వేసింది. అందుకే చెప్పలేదు.

బుధవారం ఒక పూట సెలవు పెట్టి, ఇంట్లో షాపుకేనని అబద్ధం చెప్పి, చెవుల పరీక్షకి వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది అక్కడి అమ్మాయి. నేను కూర్చున్నాను. నాలుగుసార్లు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. తలుపు తీసి, "మిషను ఆగిపోయినట్టుందమ్మా, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాను.

"కుడి చెవి అయిపోయిందండీ, ఇప్పుడు ఎడమది పెడతాను" అంది.

కాగితం మీద గీత ఒకటి గీసి చూపించింది. సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణించి మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది. నాకు ఆ లెక్కలేవీ వద్దు. ఒక్కటే అడిగాను.

"చంటిపిల్ల ఏడుపు ఇందులో ఎక్కడుంటుంది?"

ఆ అమ్మాయి నా మొహం చూసి, పెన్ను గీత పడిపోయిన చోట పెట్టింది. "పక్కనే ఉండి గట్టిగా ఏడిస్తే వినపడుతుంది. పక్క గదిలో అయితే, ఏడుపు మొదలుపెట్టేటప్పుడు చిన్నగా మూలుగుతారు చూడండి, అది మీకు వినపడదు." చెవి వెనక పెట్టుకునే మిషన్లు రెండు ఇచ్చి, పదిహేను రోజులు వాడి చూసి రమ్మంది.

వాటితో వీధిలోకి వచ్చాను. నా చెప్పులు చప్పుడు చేస్తాయని ఆ రోజే తెలిసింది. జేబులో తాళాలు, చేతిలో కాగితం సంచి, ఎవరో చీదడం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. బస్సు కండక్టరు "ముందుకి జరగండి సార్" అన్నాడు, శుభ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఎన్నిసార్లు తిట్టానో పాపం ఆయన్ని.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. మిషన్లు తీసి జేబులో వేసుకుందామని చెయ్యి చెవి దాకా తీసుకెళ్ళాను. లోపలి గదిలోంచి మాటలు వినపడ్డాయి. ఎవరో వచ్చారనుకుని, మెల్లగా నడిచి ఆ గది గుమ్మం పక్కనుంచి తొంగి చూశాను. ఎవరూ లేరు. మా ఆవిడ మంచం మీద అటు తిరిగి కూర్చుని, చిన్న చిన్న చొక్కాలు మడతపెడుతూ కడుపుతో మాట్లాడుతోంది.

"...ముందే చెబుతున్నా, విను బుజ్జీ. మీ నాన్న దగ్గర ముక్కుతూ మూలుగుతూ ఉంటే కుదరదు. నోరంతా తెరిచి ఏడవాలి. చేతులూ కాళ్ళూ ఆడించాలి. ఒక్కసారి కంటపడ్డావంటే ఎంత పనైనా పడేసి పరిగెత్తుకొస్తారు. కంటపడాలి, అంతే."

ఒక చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"పిలిస్తే పలకలేదని, నువ్వంటే ఇష్టం లేదేమో అనుకోకు. పెళ్ళైన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. పక్క గదిలోనే ఉండి, ఎందుకేడుస్తున్నావని ఒక్కనాడూ వచ్చి అడగలేదని ఇంకా ఏడ్చేదాన్ని. వినపడటం లేదని నాకు తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది. నీకు అంత ఆలస్యం కాకూడదని చెబుతున్నా."

బిడ్డ ఏడుపు వినపడదేమోనని భయపడి చెవులు తెచ్చుకున్నవాణ్ణి. నా ఇంట్లో రెండేళ్ళు ఒక మనిషి ఏడ్చిందని నాకు ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. తన మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, చెప్పడానికి నాకు మాటలు రావు.

లోపలికి వెళ్ళి తన వెనక కూర్చున్నాను.

"ఎందుకేడ్చేదానివి?" అన్నాను.

తను ఉలిక్కిపడింది. నేను రావడం చూసి కాదు. నేను అంత మెల్లగా మాట్లాడటం తను ఎప్పుడూ వినలేదు. ఇటు తిరిగి నా మొహం చూసింది, చెవుల మీద ఉన్నవి చూసింది. ఒకదాన్ని వేలితో ముట్టుకుంది. మళ్ళీ అటు తిరిగి చొక్కా అందుకుంది.

"ఇప్పుడెందుకండీ అవన్నీ. ఎప్పటివో."

"చెప్పు. మొదటిసారి ఎందుకేడ్చావో అక్కణ్ణించి చెప్పు."

తను చెప్పడం మొదలుపెట్టింది. మొహం గోడవైపే ఉంచి, చొక్కాలు మడతపెడుతూ, చిన్న గొంతుతో చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. నాకు అన్నీ వినపడ్డాయి.